డోలు లేని ముహూర్తం

మా మేనత్త పెళ్ళి ముహూర్తం జ్యేష్ఠమాసం, బుధవారం, పగలు పది గంటల పన్నెండు నిమిషాలకి. జీలకర్రా బెల్లం పెట్టిన టైము అది. ఏ సంవత్సరం అని అడక్కండి, చెప్పను. నా వయసు లెక్కేస్తారు. ఆ పన్నెండు నిమిషాల దగ్గర మాత్రం నాతో ఎవరూ వాదించక్కర్లేదు. పంతులుగారి గొలుసు గడియారం నా మోకాలి పక్కనే ఉంది. అంకెలు నాకప్పటికే వచ్చు. అక్షరాలే యాభై దాటాక వచ్చాయి.

ఇన్నేళ్ళకి, ఇంత దూరంలో ఆ పెళ్ళి గుర్తుకు రావడానికి కారణం మా మనవరాలి మ్యూజిక్ టీచరు.

మనవరాలు బడి బ్యాండులో క్లారినెట్టు ఊదుతుంది. బాగా ఊదదు. ఆ మాట దానికే చెప్పాను, మా అమ్మాయి నామీద కేకలేసింది. ఆ టీచరమ్మ మొన్న ఆదివారం ఎక్కడో వాయిస్తోందని పిల్లలందరినీ రమ్మంది. మేముండే టార్నీట్ నుంచి రైల్లో సిటీకి, అక్కణ్ణుంచి ట్రాములో ఇంకా బోలెడు దూరం. వెళ్ళి చూస్తే చిన్న హాలు, ఇనప కుర్చీలు, వెనకాల బల్ల మీద టీ, గసగసాలు పెట్టి చుట్టిన కేకు ముక్కలు.

"అమ్మా, అవి ఇంటర్వెల్‌లో తినాలి" అంది మా అమ్మాయి.

నేనప్పటికే తినేశాను. గసగసాలు బాగా నూరారు.

టీచరమ్మకి నలభై ఉంటాయి. ఆవిడ చేతిలో క్లారినెట్టు. పక్కన ఆవిడ పెదనాన్న, తెల్లగడ్డం ముసలాయన, ఒళ్ళో మాండొలిన్. మైకు లేదు, కరెంటు పెట్టెల్లేవు. ఉత్త తీగ, ఉత్త ఊపిరి. ఆ సంగీతాన్ని క్లెజ్‌మర్ అంటారట. యూదుల పెళ్ళిళ్ళలో వాయించేది. వాళ్ళ తాతలు యూరప్‌లో పల్లెటూళ్ళు తిరుగుతూ మేళం నడిపేవారట. ఆ పల్లెటూళ్ళు ఇప్పుడు లేవు, జనాన్ని చంపేశారు. ఆవిడ ఈ సంగతి చెప్పి, మూతి తుడుచుకుని, ఊదడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మొదటిది ఏడుపు పాట. బాగానే ఉంది. రెండోది గెంతుల పాట. దాని మధ్యలో క్లారినెట్టు ఉన్నట్టుండి నవ్వింది. నవ్వూ కాదు, గుర్రం సకిలింపు. కిందనుంచి పైకి ఎగబాకి, పైన విరిగి, ముక్కలు ముక్కలుగా కిందికి దొర్లింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. "నాన్నా" అని బయటికే వచ్చేసింది.

"అమ్మమ్మా, షుష్! వాట్ హ్యాపెండ్?" అంది మనవరాలు.

"మీ ముత్తాత."

"వేర్?" అని వెనక్కి తిరిగి చూసింది పిచ్చిది.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది.

"వేసుకున్నాను. నోర్మూసుకుని విను."

తిరుగు రైల్లో ఇద్దరికీ పెళ్ళి కథ మొదలుపెట్టాను. సగంలో టార్నీట్ వచ్చేసింది. దిగాక వంట, బట్టలు, రేపటి బడి. మిగతాది వినేవాళ్ళెవరు? అందుకని రాస్తున్నాను.

మాది మేళగాళ్ళ ఇల్లు. కోనసీమలో, కాలవ ఇవతలి గట్టున. నాన్న ముందు సన్నాయి ఊదేవాడు. ఒకసారి మా ఊళ్ళో నాటకాల కంపెనీ ఒకటి దివాలా తీసి, సామాన్లు అమ్ముకుని పోయింది. క్లారినెట్టు నాన్న కొన్నాడు, మాండొలిన్ టైలరు బాబాయి కొన్నాడు. టైలరు బాబాయి మాకు చుట్టం కాదు, సాయిబులు. అయినా మా ఇంట్లో అన్నం వడ్డిస్తే ముందు ఆయన కంచంలోనే పడేది. జాకెట్లు బిగుతుగా కుట్టేవాడని ఆడవాళ్ళు తిట్టేవారు. "మీరు లావెక్కితే నా కత్తెరదా తప్పు?" అనేవాడు.

క్లారినెట్టు మూతి దగ్గర పల్చటి రెల్లు బద్ద ఒకటి బిగిస్తారు. రీడు అంటారు. అది తడిగా ఉంటేనే పలుకుతుంది. నాన్న చుట్ట కాల్చుకుంటున్నప్పుడు దాన్ని నా నోట్లో పెట్టేవాడు. పొగాకు ఘాటు, వక్క వగరు, చివర్న కొంచెం తీపి. ఆ రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. నేనా, వసపిట్టని. అంచేత రీడు ఎండినా ఎండకపోయినా మా అమ్మ, "దాని నోట్లో ఆ బద్ద పడెయ్యండి, చెవులు చిల్లులు పడుతున్నాయి" అనేది. ఒకసారి ఒళ్ళుమండి కొరికేశాను. ఆ సాయంత్రం ఎవరిదో పెళ్ళిలో నాన్న క్లారినెట్టు బాతులా అరిచిందట. ఇంటికొచ్చాక నేనూ అరిచాను.

మాఘం నుంచి జ్యేష్ఠం దాకా మా ఇంట్లో నాన్న కాలు నిలవదు. వచ్చినప్పుడు ఉత్తరీయంలో మూటగట్టి బూరెలు తెచ్చేవాడు. చెమటా, మల్లెపూలూ, నెయ్యీ కలిసిన వాసన. మూట విప్పకుండానే నేను, "వీళ్ళు నెయ్యిలో నూనె కలిపారు" అని చెప్పేదాన్ని. మా నానమ్మ మురిసిపోయేది. "ముక్కంటే నా ముక్కు" అనేది.

మావాళ్ళలో ఒక పట్టింపు ఉంది. మన ఇంటి పెళ్ళికి మన వాద్యం పలక్కూడదు. ఊరందరికీ శుభం ఊదేవాడు తనింటికి తను ఊదుకుంటే అది అంటదు. అందుకని ఒకళ్ళింట్లో పెళ్ళయితే పక్క ఊరి మేళం వచ్చి ఊరికే వాయించి, భోంచేసి వెళ్తుంది. వాళ్ళింట్లో అయితే వీళ్ళు వెళ్తారు.

అత్తకి అప్పటికి పాతికేళ్ళు దాటాయి. ఆ రోజుల్లో అది ముసలితనమే. తాత లేడు, నాన్నే ఎత్తుకు పెంచాడు. మనిషి నలుపు, పొడుగు, మాట పెళుసు. నా పోలికే అంటారు. ముగ్గురు చూసి వెళ్ళారు, ముగ్గురూ మళ్ళీ కబురు పెట్టలేదు. నాలుగోది రెండో పెళ్ళి సంబంధం. కాలవ లాకుల దగ్గర తలుపులు తిప్పే ఉద్యోగం. మొదటి భార్య కాపరానికొచ్చిన ఎనిమిదో నెలలో పోయింది. పిల్లల్లేరు. ఆయన చూసి వెళ్ళాక నానమ్మ, "ఏమంటావే?" అని అడిగితే అత్త, "తెచ్చిన పకోడీలన్నీ తిన్నాడు. దాపరికం లేని మనిషి" అంది. అలా కుదిరింది.

మగపెళ్ళివారు ముందు రోజే పడవలో వచ్చి విడిదిలో దిగారు. ఆ తరవాత పట్టుకుంది గాలివాన. తెల్లారేసరికి వాన వెలిసింది గానీ కాలవ గట్లు ముంచేసింది, బల్లకట్టు తాడు తెగి ఎటో పోయింది. పిలిచిన మేళం అవతలి గట్టున ఉండిపోయింది. నాన్న మేళంలో డోళ్ళు కొట్టేవాళ్ళవీ అవతలి ఊళ్ళే. ఇవతల మిగిలింది నాన్న క్లారినెట్టూ, టైలరు బాబాయి మాండొలినూ. వంటల పాక కూలిపోతే పొయ్యిలు తెచ్చి పందిరి పక్కనే వసారాలో పెట్టారు. తడికట్టెలు, పొగ. ఆవ పెట్టిన పనసపొట్టు వాసనా, తడిసిన తాటాకుల వాసనా కలిసిపోయి ఉన్నాయి.

డోళ్ళు లేవని తెలియగానే పెళ్ళికొడుకు మేనమామ గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. ముహూర్తం క్షణంలో డోళ్ళు దద్దరిల్లాలి. గట్టిమేళం అంటారు. ఆ క్షణంలో పందిట్లో ఎవరైనా తుమ్మితే అపశకునం. తుమ్ముల్ని ఆపలేం గనక వినపడకుండా చేస్తారు, అంతే దాని రహస్యం.

"గట్టిమేళం లేకుండా మావాణ్ణి పీటల మీద కూర్చోపెట్టనమ్మా" అన్నాడాయన.

"కూర్చోపెట్టకపోతే ఏం చేస్తావు? కాలవ దాటి పోతావా?" అంది నానమ్మ. "ఈదు."

"ఈదుతాను. ఇంకో ముహూర్తం పెట్టుకుందాం."

"ఈ నెల దాటితే ఆషాఢం. శ్రావణం వచ్చేసరికి ఇంకో పిల్లని చూసేస్తావు. నాకు తెలీదేంటి?"

"పళ్ళాలు వాయిద్దాం అన్నయ్యగారూ" అంది మా అమ్మ.

"పళ్ళాలు కోతుల్ని తోలడానికమ్మా."

వెనకాల ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. గొడుగు కింద పెట్టాడు.

"మొదటి పెళ్ళిలో డోలువాడు చెమట తుడుచుకోడానికి కాస్త ఆగాడమ్మా. ఆ కాస్తలోనే ఎవరో తుమ్మారు. అందరం విన్నాం. నవ్వుకున్నాం కూడా. ఎనిమిదో నెలలో ఆ పిల్లని నేనే మోశాను. చూసి తెచ్చిందీ నేనే, మోసిందీ నేనే. ఇంకోసారి నావల్ల కాదు."

మా నానమ్మ ఆయనకి చెంబుతో మంచినీళ్ళు అందించింది.

నేనూ, నా వెనకే అమ్మా లోపలికి పరిగెత్తాం. నేను తోడిపెళ్ళికూతుర్ని, అత్త పక్కన ఉండాల్సినదాన్ని. అత్త అంతా వింది. గోడవైపు తిరిగి, "ఈ బాసికం ఊడదీసెయ్యనా వదినా? తల లాగేస్తోంది" అంది మామూలుగా. మాట మామూలే గానీ జడలో పూలు వణుకుతున్నాయి. నాకు భయమేసి ఆవిడ కొంగు పట్టుకున్నాను. "వదులు, నలుగుతుంది. మళ్ళీ బీరువాలో పెట్టాలేమో" అంది.

బయట టైలరు బాబాయి గొంతు వినపడింది. "తుమ్ము వినపడకుండా చెయ్యలేం. అయితే తుమ్మే లేకుండా చేద్దామండి. జీలకర్రా బెల్లం పెడుతున్నంతసేపూ పందిట్లో అందరం ముక్కులు పట్టుకుందాం. చిన్నాపెద్దా అందరూ. మీరే నిలబడి చూసుకోండి."

మేనమామ గొడుగు మళ్ళీ చేతికి తీసుకున్నాడు. "మేళం అసలు లేకుండా కుదరదు. నీ మాండొలిన్ దోమ రొదలా ఉంటుంది. క్లారినెట్టు ఉండాలి" అన్నాడు.

నాన్న తల్లివైపు చూశాడు. "మన వాద్యం మన పెళ్ళికి..." అంటున్నాడు.

"ఊదరా" అంది నానమ్మ. "పట్టింపు పెద్దలది. కూతురు నాది."

కన్యాదానం అయ్యింది. నాన్న కాళ్ళు కడిగిన తడిపంచెతోనే లేచి క్లారినెట్టు అందుకున్నాడు. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య తెర పట్టారు. మేనమామ గొడుగుతో పందిరంతా తిరుగుతూ, "ఏయ్, గళ్ళ చొక్కా! ముక్కు!" అని పొడుస్తున్నాడు. ఆడవాళ్ళు కొంగులు, మగాళ్ళు ఉత్తరీయాలు, పాలు తాగే పిల్లల ముక్కులు తల్లుల వేళ్ళలో. అంతమంది జనం అలా ముక్కులు పట్టుకుని కళ్ళు మిటకరించడం నేను మళ్ళీ చూడలేదు. పంతులుగారు కూడా పట్టుకున్నారు. మంత్రాలన్నీ ముక్కుతో వచ్చాయి. నాకు నవ్వొచ్చి చచ్చిపోయాను, ముక్కు పట్టుకునే.

నాన్న మెల్లగా అందుకున్నాడు. కింద సన్నగా మాండొలిన్. డోలు లేకపోతే ఆ రెండూ ఎలా ఉంటాయో అంతకుముందు ఎవరూ విన్లేదు. తీగ మీద చినుకులు పడుతున్నట్టు, వాటి మధ్యలోంచి మనిషి గొంతేదో పిలుస్తున్నట్టు ఉంది. పందిరి మీంచి కారే నీటిబొట్లు కూడా వినపడ్డాయి.

ముక్కు పట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేనివాళ్ళు నలుగురే. వాయించే ఇద్దరూ, పీటల మీద ఇద్దరూ. అత్త కుడిచెయ్యి తెర మీంచి అవతలి తల మీద ఉంది. ఎడంచేత్తో ఒళ్ళో కొబ్బరిబోండాం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు వసారాలో వంటావిడ పులిహోర పోపులో ఎండుమిరపకాయలు వేసింది. ఈ ముక్కుల సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు.

ఘాటు వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త వైపు చూశాను. గడ్డం పైకి లేస్తోంది, ఎడమ కన్ను మూసుకుపోతోంది. తుమ్ము వచ్చే ముందు మా అత్త మొహం అలాగే అవుతుంది. నాకు తెలుసు. నాకంటే నాన్నకి బాగా తెలుసు.

నాన్న ఊదుతున్న రాగాన్ని అక్కడికక్కడ వదిలేసి క్లారినెట్టు ఆకాశానికెత్తి సకిలించాడు. అబ్బ, ఏం సకిలింపు! కిందనుంచి పైదాకా ఎగబాకి, అక్కడ పగిలి, నవ్వుకుంటూ దొర్లింది. టైలరు బాబాయి తీగలు తెగిపోతాయేమో అన్నట్టు మీటాడు. ఆ మోతలో అత్త తుమ్మింది. బోండాం ఎగిరింది, నేను పట్టుకున్నాను. పది గంటల పన్నెండు నిమిషాలు.

తెర తీశారు. అక్షింతలు పడ్డాయి. అత్త నా తొడ మీద ఒక్క గిల్లు గిల్లింది. నోరు విప్పకూడదని నాకర్థమైంది.

మేనమామ ముక్కు వదలకుండానే నాన్న దగ్గరికొచ్చి, "అదేంటయ్యా, గుర్రం సకిలించినట్టు?" అన్నాడు.

"మా వైపు గట్టిమేళం అదేనండి. డోలు లేనప్పుడు" అన్నాడు నాన్న. మొహం మీద చెమట కారుతోంది.

"బాగుంది" అన్నాడాయన. అప్పుడు వదిలాడు ముక్కు. ఎర్రగా కందిపోయింది. అక్కడే ఓ స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయి, మనసారా ఏడ్చాడు.

ఆయనే ఊరూరా చెప్పాడు. మరుసటి ఏడు మాఘం నుంచి నాన్నని పిలిచిన ప్రతివాళ్ళూ, "ముహూర్తానికి ఆ సకిలింపు వెయ్యాలండోయ్" అనేవారు. డోళ్ళు ఉన్నా సరే. మా చుట్టుపక్కల అది లేకపోతే పెళ్ళే కాదనేదాకా వచ్చింది. శాస్త్రాలన్నీ ఇలాగే పుడతాయేమో, నాకు తెలీదు.

తుమ్ము సంగతి నలుగురికే తెలుసనుకున్నాం. నాన్న, టైలరు బాబాయి, అత్త, నేను. నవ్వుకునేవాళ్ళం గానీ లోపల భయం ఉండేది. ఎనిమిదో నెల రాగానే నాన్న తేగల కట్ట పట్టుకుని లాకుల దగ్గరికి వెళ్ళి, వారం ఉండిపోయాడు. "పెళ్ళిళ్ళ రోజుల్లో ఎందుకొచ్చావు అన్నయ్యా?" అని అత్త అడిగితే, "తేగలు పాడైపోతాయని" అన్నాడట. నెల దాటింది. ఏడాది దాటింది. అత్తకి ముగ్గురు పిల్లలు, ఆ పిల్లలకి పిల్లలు. ఎనభై దాటాక, నిద్రలో పోయింది.

నేను ఈ దేశం వచ్చేసే ముందు మావయ్యని, అదే ఆ పెళ్ళికొడుకుని, చూడ్డానికి వెళ్ళాను. అత్త పోయి నెల. లాకుల గట్టు మీద మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాటల్లో నాన్న సకిలింపు ప్రస్తావన తెచ్చి, దాచి ఏం లాభంలే అని, తుమ్ము సంగతి చెప్పేశాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఇన్నాళ్ళూ నాకు తెలీదనుకున్నారా కోడలా? నా చెయ్యి ఎక్కడుంది అప్పుడు? దాని తల మీద. అరచేతి కింద తల ఎగిరింది. చెవికి వినపడకపోతే చేతికి తెలీదా?"

"మరి మీ మేనమామకి చెప్పలేదేం?"

"చెప్తే లేపేసేవాడు. తుమ్మిన తల పక్కకి జరిగింది, మళ్ళీ సర్దుకుని తనే వచ్చి నా చేతి కింద పెట్టుకుంది. అలా వచ్చినదాన్ని వదిలేసి ఎలా లేస్తానే?"

"భయం వెయ్యలేదా మావయ్యా?"

"ఎందుకెయ్యదు? అంతకుముందు తుమ్ము విన్నవాణ్ణి కదా. ఏడాదిపాటు నిద్దట్లో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాణ్ణి, ఊపిరాడుతోందా అని. ఓసారి కరిచింది."

వేలు చూపించాడు. మచ్చేమీ లేదు. అయినా చూశాను.

మొన్న హాల్లో పాటలయ్యాక, టీచరమ్మని ఆ నవ్వు ఎందుకు పెడతారో అడగమని మనవరాలిని పంపాను. "ఇట్స్ జస్ట్ హౌ హర్ గ్రాండ్‌పా డిడ్ ఇట్, అమ్మమ్మా" అని వచ్చి చెప్పింది. సరైన జవాబే. వాళ్ళ తాత ఎవరి తుమ్ముని కప్పాడో, చెప్పడానికి ఆ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. మా ఊళ్ళో నేను మిగిలాను.

ఆ పెళ్ళికి ఫొటో లేదు. ఫొటోలాయన కూడా అవతలి గట్టునే ఉండిపోయాడు. అందుకని పేర్లు రాస్తాను. క్లారినెట్టు ఊదింది మా నాన్న, సత్యం. మాండొలిన్ టైలరు బాబాయి, మస్తాను. ఊదరా అన్నది నానమ్మ, చినవెంకమ్మ. మా అమ్మ, అన్నపూర్ణ. పంతులుగారు, శేషయ్యగారు. తెర ఒక కొస పట్టింది పక్కింటి రత్తాలు, ఇంకో కొస ఆవిడ చెల్లెలు పాపాయమ్మ. పోపు వేసింది సూరమ్మ. గొడుగు మేనమామ, కోటయ్య. గళ్ళ చొక్కా ఆయన్ని ఎవరూ ఎరగరు, కూడా వచ్చినవాడే. పీటల మీద అత్త, మంగతాయారు. తెరకవతల మావయ్య, రాఘవులు. అత్త పక్కన బోండాం పట్టుకుని నేను. మావయ్య మొదటి భార్య కూడా ఉంది. ఆవిడ గురించే కదా అంతమందిమి ముక్కులు పట్టుకున్నది. అత్త తన పెద్దకూతురికి ఆవిడ పేరే పెట్టుకుంది. సుభద్ర.